టోపీ ఉంటే క్రీడ, లేకపోతే కేసు

రేసు పందెం జూదం కాదట, ప్రజ్ఞ అట. ఈ మాట చెప్పే పెద్దమనిషి ఒకాయన మీ బంధువర్గంలోనూ ఉండే ఉంటారు. నలగని సూటు, చంకలో రేసు పుస్తకం, చెవి మీద పెన్సిలు. గుర్రం తండ్రి ఎవరో, తాత ఎవరో, తల్లి పుట్టింటివారు ఎవరో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. సొంత ముత్తాత పేరు అడిగితే నీళ్లు నములుతారు. గుర్రప్పందెం ప్రజ్ఞతో కూడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది కనుక ఆయన్ని ఏమీ అనలేం. మన మలక్‌పేట దాకా ఎందుకు, డెర్బీ పేరు పెట్టుకున్న పందేలన్నిటికీ పెద్దదిక్కు ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీ. ప్రజ్ఞ ఎలా పండిందో అక్కడే చూద్దాం.

ముందు గోత్రం. థరోబ్రెడ్ అనే రేసుజాతి గుర్రాలన్నిటికీ తండ్రి వైపు మూలపురుషులు ముగ్గురే: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. అచ్చంగా త్రయార్షేయ ప్రవర. ఇంతటి శ్రోత్రియ వంశాల పోటీకి పేరు పెట్టడానికి ఏ పండితులను పిలిచారు? ఎవరినీ లేదు. డెర్బీ ప్రభువు, సర్ చార్లెస్ బన్‌బరీ కలిసి నాణెం ఎగరేశారని చెబుతారు. పేరు ప్రభువుది నిలిచింది. 1780లో జరిగిన మొదటి పందెం మాత్రం బన్‌బరీ గుర్రం డయోమెడ్ గెలిచింది. ప్రజ్ఞకు బొమ్మాబొరుసుతో బారసాల చేసిన ఘనత వారిదే.

ఇక 1844. నాకు ఎంతో ఇష్టమైన సంవత్సరం. డెర్బీలో మూడేళ్ల గుర్రాలే పరుగెత్తాలి. ఆ ఏడు మొదట వచ్చిన గుర్రం పేరు రన్నింగ్ రెయిన్. కాదు, దాని పేరు మకబీయస్, వయసు నాలుగేళ్లు. పదో తరగతి పిల్లల పరుగుపందెంలో డిగ్రీ కుర్రవాణ్ణి దింపినట్టన్నమాట. కాగితాల మీద యజమాని ఒక ధాన్యం వ్యాపారి, తెర వెనుక ఉన్నది గుడ్‌మన్ లెవీ అనే జూదరి. రెండో స్థానంలో వచ్చిన ఓర్లాండో యజమాని కర్నల్ పీల్, సాక్షాత్తు ప్రధానమంత్రి తమ్ముడు. ఊరుకుంటాడా?

విచారణకు నడుం కట్టినవాడు లార్డ్ జార్జ్ బెంటింక్. ఈయనా తక్కువ తినలేదు. 1836లో తన గుర్రం ఎలిస్‌ను బండిలో ఎక్కించి రహస్యంగా డాంకస్టర్ పందేనికి చేర్చి, అది సమయానికి నడిచి రాలేదని నమ్మిన బుకీల, అంటే జనం చేత పందేలు కట్టించుకునేవాళ్ల, నోట్లో మట్టి కొట్టాడు. దొంగను పట్టడానికి ఎవరు కావాలో తెలుసు కదా. ఈ ప్రభువుగారు లండన్‌లో అంగడి అంగడీ తిరిగి, రీజెంట్ వీధిలోని ఒక క్షౌరశాలలో ఆచూకీ తీశారు. గుడ్‌మన్ అక్కడ జుట్టుకు వేసే రంగు కొన్నాడు, గుర్రానికి వేషం మార్చడానికి. అంగడివాడు మర్యాదగా అడిగే ఉంటాడు: “రంగు అయ్యగారికా, అమ్మగారికా?” కాళ్లకు అని చెబితే ఎన్ని కాళ్లకు అని కూడా అడిగే ఉంటాడు.

గెలుపు తనదేనని ధాన్యం వ్యాపారి వేసిన కేసు కోర్టుకెక్కింది. సాక్షులు వచ్చారు, ప్లీడర్లు వచ్చారు, జ్యూరీ వచ్చింది. న్యాయమూర్తి ఆల్డర్సన్‌కు విసుగొచ్చింది. ఇన్ని మాటలెందుకు, గుర్రాన్ని తెండి, పళ్లు చూస్తే వయసు తెలిసిపోతుంది అన్నాడు. అందరూ వచ్చారు గానీ గుర్రం రాలేదు. మాయమైంది! వ్యాపారి దావా వదులుకున్నాడు, గెలుపు ఓర్లాండోకు దక్కింది. అదే పందెంలో కాలు విరిగి తుపాకీ గుండుకు పోయిన లియాండర్ దవడ పరీక్షిస్తే అదీ మూడేళ్లది కాదని తేలింది. పెద్దమనుషులు దుండగులతో పందేలకు దిగితే మోసపోవడానికి సిద్ధపడాల్సిందేనని న్యాయమూర్తి చీవాట్లు పెట్టాడు. ఆ మైదానంలో పెద్దమనిషెవరో దుండగుడెవరో దొరల టోపీ చూసి గుర్తుపట్టాలి.

చట్టమూ టోపీనే చూసింది. 19వ శతాబ్దంలో ఎన్నో ఏళ్లు డెర్బీ రోజున పార్లమెంటు కామన్స్ సభ వాయిదా వేసుకుని మరీ వెళ్లింది. అదే పార్లమెంటు 1853లో పందేల దుకాణాలు మూయించింది, 1906లో వీధి పందేలను నేరం చేసింది. మైదానంలో ప్రభువు వేల పౌండ్లు కాస్తే మర్యాద, వీధి మలుపులో కూలివాడు ఆరు పెన్నీలు కాస్తే జరిమానా. దుకాణాలు మళ్లీ తెరుచుకోవడానికి 1961 దాకా పట్టింది. మన గోదావరి జిల్లాల పందెంరాయుళ్లు ఇది తెలిస్తే కన్నీళ్లు పెట్టుకుంటారు. ఏ వారం ఏ దిక్కున డేగ గెలుస్తుందో, కాకి ఎప్పుడు ఓడుతుందో చెప్పే కుక్కుట శాస్త్రం వాళ్లకూ ఉంది. లేనిది టోపీయే. నలుడు ఋతుపర్ణుడికి అశ్వహృదయం నేర్పి, బదులుగా అక్షహృదయం నేర్చుకున్నాడు. గుర్రం విద్య ఒకటి, జూదం విద్య ఇంకొకటి అని ఆ ఇద్దరు రాజులకైనా తెలుసు.

1913 దగ్గర నాకు హాస్యం రాదు. జూన్ 4న, ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడుతున్న ఎమిలీ డేవిసన్ పందెం సాగుతుండగా మైదానంలోకి వెళ్లి, రాజుగారి గుర్రం ఆన్మర్ ఢీకొని పడిపోయింది. పుర్రె పగిలిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఇక్కడ పెద్దలు దేని మీద తలలు బద్దలు కొట్టుకున్నారు? మొదట వచ్చిన క్రాగనూర్ పక్క గుర్రాన్ని రాసుకుందా లేదా అని! దాన్ని తప్పించి, ఒకటికి వంద పలికిన అబోయర్‌ను గెలిపించారు. రాజమాత అలెగ్జాండ్రా తంతి పంపింది, గాయపడిన జాకీకి. అందులో ఎమిలీ ప్రస్తావనా ఉంది, క్రూరురాలు, పిచ్చిది అని. నాలుగు రోజులకు ఆమె చనిపోయింది. ఓటు అడగడం పిచ్చి అట, ముక్కూమొహం తెలియని గుర్రం మీద ఆస్తి ఒడ్డడం ప్రజ్ఞ అట. సిగ్గుండాలి.

మనవాళ్లూ గెలిచారండీ అంటారు సూటు వారు. నిజమే. 1934లో రాజ్‌పిప్లా మహారాజు గుర్రం విండ్సర్ లాడ్ డెర్బీ గెలిచింది. ఆ తర్వాత మహారాజు దాన్ని 50,000 పౌండ్లకు అమ్మేశారు. కొన్నాయన పేరు మార్టిన్ బెన్సన్, వృత్తి బుకీ. జనం ఓడిపోయిన పందేల డబ్బుతోనే ఆయన దాన్ని కొన్నాడు, ఆ సెప్టెంబరులోనే దానితో సెయింట్ లెజర్ అనే మరో పెద్ద పందెం కూడా గెలిచాడు.