సవరణ: ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు ఉక్కులో ఎడ్డీ కరెంట్ల లెక్క

భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లకు కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్ల గురించిన గత వ్యాసంలో, ట్యాంకు గోడ ఉక్కులోకి 50 హెర్ట్జ్ వద్ద ఎడ్డీ కరెంట్లు (మారే అయస్కాంత క్షేత్రం వల్ల లోహంలో పుట్టే సుడి కరెంట్లు) సుమారు 1 మిల్లీమీటరు లోతు వరకే చొరబడతాయని ఉంది. సాపేక్ష పారగమ్యత (శూన్యంతో పోలిస్తే పదార్థం ఎన్ని రెట్లు సులువుగా అయస్కాంతీకరణ చెందుతుందో చెప్పే అంకె) 1000 దగ్గర స్థిరంగా ఉన్నప్పుడు మాత్రమే ఆ అంకె వర్తిస్తుంది. అదీ కరెంటు ఆగిపోయే చోటు కాదు, ఉపరితల విలువలో దాదాపు 37 శాతానికి తగ్గే చోటు.

ఉక్కు సంతృప్త స్థితికి, అంటే ఇక అంతకు మించి అయస్కాంతీకరణ చెందలేని స్థితికి, చేరేకొద్దీ పారగమ్యత పడిపోతుంది. అది 100కు దిగితే లోతు 3 మిల్లీమీటర్లు దాటుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పారగమ్యత ఒక్క ఆవర్తనం లోపలే మారుతూ ఉంటుంది కనుక, ఉపరితలం మీది అయస్కాంత క్షేత్రం శుద్ధమైన సైన్ తరంగమే అయినా లోపలి కరెంట్లలో మూల పౌనఃపున్యానికి 3, 5 రెట్లుండే తరంగాలు, అంటే 3వ, 5వ హార్మోనిక్‌లు పుడతాయి. పూర్తి సంతృప్తతను ఊహించే ఆదర్శ నమూనాలో ఉపరితల విద్యుత్, అయస్కాంత క్షేత్రాల ప్రాథమిక (50 హెర్ట్జ్) తరంగాల మధ్య దశాభేదం పారగమ్యత స్థిరమనుకునే లెక్కలో వచ్చే 45 డిగ్రీలు కాదు, సుమారు 26.6 డిగ్రీలు.

అందువల్ల ఒక పౌనఃపున్యపు సైన్ తరంగాన్ని పరిమాణం, దశలతో సూచించే ఒకే ఫేజర్‌తో లెక్క ముగించడం నా దృష్టిలో ప్రమాదకరం. కాలాన్ని చిన్న అంగలుగా విడగొట్టి, ప్రతి అంగలోనూ అంచనాను మళ్ళీ మళ్ళీ సరిదిద్దుతూ సమీకరణాన్ని సాధించే న్యూటన్-రాఫ్సన్ పద్ధతిని వాడాలి. ఆ పద్ధతికి కావలసింది అయస్కాంత అభివాహ సాంద్రత బీ, అయస్కాంత క్షేత్ర తీవ్రత హెచ్‌ల నిష్పత్తి ఒక్కటే కాదు, ఆ బిందువు వద్ద బీ-హెచ్ వక్రరేఖ వాలు కూడా. కోర్‌లోని పల్చని రేకుల గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.