కేబీఆర్ పార్కు అంచు ఎక్కడ?

మార్చి నెలలో ఊరి నుంచి వచ్చిన చుట్టాలను హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు తీసుకెళ్తే ముందు అనే మాట, "ఇదేం అడవిరా, అంతా ఎండిపోయింది!" అని. కళ్లకు కనిపించేది నిజంగా అంతే. మోడులు, బండలు, కాలి కింద కరకరలాడే ఆకులు. కానీ ఇది చచ్చిన అడవి కాదు, నీళ్లు లేని కాలంలో ఆకులు రాల్చుకుని ప్రాణం కాపాడుకునే అడవి. జూన్‌లో రెండు వానలు పడనివ్వండి, అవే రాతి సందుల్లోంచి సీతాఫలం చిగురేస్తుంది, పరుపుబండ మీద గుంటలో దోసెడు నీళ్లు నిలిస్తే చాలు, తోకకప్పలు ఈదుతుంటాయి.

జూబ్లీహిల్స్ అంతా ఒకప్పుడు ఇలాగే ఉండేది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గుట్టల్ని పేల్చి, చదును చేసి ఇళ్లు కట్టుకున్నాం. ఆఖరి నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఆవరణ కాబట్టి ఈ ముక్క మిగిలింది, 1998లో నేషనల్ పార్కు అయింది. మొత్తం 142.5 హెక్టార్లు, అంటే సుమారు 350 ఎకరాలు. (నిజాం మనవడిది కాకపోయుంటే ఈపాటికి ఇక్కడ ఎన్ని షోరూమ్‌లు లేచేవో.)

నా గొడవ లోపలి గురించి కాదు, అంచు గురించి. 2020లో కేంద్రం దీని చుట్టూ ఖరారు చేసిన ఎకో సెన్సిటివ్ జోన్ (పార్కును కాపాడేందుకు కట్టడాల మీద ఆంక్షలుండే పట్టీ) వెడల్పు 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే పక్కపక్కన రెండు కార్లు కూడా పట్టవు! చుట్టూ ఊరే ఉంది కాబట్టి కిలోమీటర్లు వదలమని ఎవరూ అడగట్లేదు, కానీ ఇంత సన్నగానా?

ఫ్లైఓవర్ల ప్రతిపాదనలన్నీ ఈ అంచు దగ్గరికే వచ్చి ఆగుతాయి. 2016లో చెట్లు కొట్టొద్దని జనం రోడ్డెక్కారు, ఇప్పుడు మళ్లీ కొత్త పేరుతో అదే చర్చ. సాయంత్రం సిగ్నల్‌లో ఇరుక్కుని టెన్షన్ పడుతున్నప్పుడు నాకూ ఫ్లైఓవర్ ఉంటే బాగుండు అనిపిస్తుంది, అబద్ధమెందుకు. నరికిన చెట్టుకు బదులు ఇంకెక్కడో పది మొక్కలు నాటుతామనే లెక్క మాత్రం మింగుడుపడదు. ఆ కొమ్మ మీద రాత్రి పడుకునే నెమలి మొక్కల వెనకాల శివార్లకు పోదు కదా. కంచె పక్కనే లైట్లు, హారన్లు పెరిగితే లోపలికి ముడుచుకుంటుంది, లోపల ఉన్నదే ఆ కాస్త.

కాబట్టి కొత్త డిజైన్లు చూపించే ముందు అధికారులు ఒక పని చేస్తే బాగుంటుంది. ఆ జోన్ ఎక్కడ 3 మీటర్లో, ఎక్కడ 29.8 మీటర్లో పార్కు చుట్టూ నేల మీద సున్నంతో గీత గీయించండి. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లం మా కళ్లతో మేం చూసుకుంటాం.