టోనీ చచ్చాడో లేదో డేవిడ్ చేజ్‌కేం తెలుసు?

2007 జూన్ 10, ఆదివారం రాత్రి. అమెరికన్ టీవీ సిరీస్ 'ది సొప్రానోస్' ఆఖరి ఎపిసోడ్, ఆఖరి సీన్. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సొప్రానో, బ్లూమ్‌ఫీల్డ్‌లోని హోల్‌స్టెన్స్ అనే చిన్న రెస్టారెంట్‌లో భార్యతో, కొడుకుతో కూర్చుని ఆనియన్ రింగ్స్ తింటున్నాడు. గుమ్మం గంట మోగింది. టోనీ తలెత్తాడు. తెర నల్లబడింది. అక్కడ మోగుతున్న పాట 'స్టాప్' అన్న మాట దగ్గర తెగింది. పది సెకన్లపాటు బొమ్మా లేదు, చప్పుడూ లేదు. తర్వాత పేర్లు పడ్డాయి. ఎనిమిదేళ్లకు పైగా, ఆరు సీజన్లు, 86 ఎపిసోడ్లు ఓపిగ్గా చూసిన జనంలో చాలామంది కేబుల్ పోయిందనుకున్నారు. పోలేదని తెలిశాక, సిరీస్ ప్రసారం చేసిన హెచ్‌బీఓ ఛానెల్ వెబ్‌సైట్ మీద పడ్డారు. అది కూడా కుప్పకూలింది.

ఆ పది సెకన్ల చీకటి ఒక సూత్రం. దాని మీద అప్పట్నుంచీ భాష్యాలు, ఆ భాష్యాలకు టీకలు, టీకలకు ఖండనలు వస్తూనే ఉన్నాయి. ఇంత కృషి జరుగుతుంటే మధ్యలో ఒక పెద్దమనిషి అదేపనిగా అడ్డొస్తున్నాడు. 'ది సొప్రానోస్' సృష్టికర్త, ఆ ఆఖరి ఎపిసోడ్ రాసి, తీసినవాడు, డేవిడ్ చేజ్. ఆయన్ని ఈ చర్చలోంచి గౌరవంగా తప్పించాలన్నదే నా విన్నపం. కారణాలు మనవి చేసుకుంటాను.

ముందు శాఖల సంగతి. మొదటివాళ్లు మరణవాదులు. టోనీ చచ్చాడు, తూటా మన కంటికి కనబడలేదంతే అంటారు. వీళ్ల దగ్గర సాక్ష్యాలు దండిగా ఉన్నాయి. ఆ సీన్ మొత్తానికీ ఒక లెక్క ఉంది: గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, అతను చూసేదే మనకూ కనబడుతుంది. మళ్లీ గంట, మళ్లీ తల, మళ్లీ చూపు. ఆఖరి గంటకి టోనీ తలెత్తాక అతను చూసేది మనం చూడాలి కదా. మనకు కనబడింది నలుపు. దీనికి తోడు ఆ సీజన్‌లోనే పడవలో కూర్చున్న టోనీ బావ బాబీ అన్న మాట ఒకటుంది: అది జరిగేటప్పుడు మనకు వినిపించను కూడా వినిపించదేమో అని. ఆఖరి ఎపిసోడ్‌కి ముందుదానిలో టోనీ ఆ మాటనే మళ్లీ గుర్తు చేసుకుంటాడు. కాదనడానికి వీల్లేని వాదన. అందుకే నాకు నచ్చదు.

రెండోవాళ్లు జీవవాదులు. న్యూయార్క్ ముఠాతో రాజీ కుదిరింది, ఆ ముఠా నాయకుడు ఫిల్ లియోటార్డో చచ్చాడు, ఇంకెవడు చంపుతాడు, టోనీ తలెత్తి కూతుర్ని చూశాడు, రాత్రి భోజనం సాగింది అంటారు. పాపం, వీళ్ల థియరీ రెండు ముక్కల్లో అయిపోతుంది. రెండు ముక్కల్లో అయిపోయేదాన్ని అభిప్రాయం అంటారు, థియరీ అనరు. వీళ్లని వదిలేద్దాం.

మూడోవాళ్ల లెక్కలో పోయింది టోనీ కాదు, మనం. తూటా ప్రేక్షకుడికి తగిలిందట, అందుకే మనకు నల్లబడిందట. ఈ వాదం పెట్టినవాళ్లు హాయిగా బతికే ఉండి దాన్ని సమర్థించుకుంటున్నారు. అంత నిబ్బరం నాకు లేదు.

ఇక సాక్ష్యాల తూకంలో మన పరిశోధకుల శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. రెండో సీజన్‌లో, అంటే 2000లో, టోనీ శిష్యుడు క్రిస్టఫర్ తూటాలు తిని ఆస్పత్రిలో చావు అంచుదాకా వెళ్లొస్తాడు. వచ్చి, అంతకుముందే చచ్చిపోయిన మైకీ పామీస్ అనే మాఫియావాడు అక్కడ నరకంలో కనబడి, టోనీకీ, అతని ముఠాలోని పాలీకీ 'మూడు గంటలు' అని చెప్పమన్నాడంటాడు. పాలీ హడలిపోయి, తెల్లవారుజామున మూడింటికి ఉలిక్కిపడి లేస్తూ, చివరికి ఆత్మలతో మాట్లాడేవాడి దగ్గరికి పరుగెడతాడు. టోనీ మాత్రం పట్టించుకోడు. ఏడేళ్ల తర్వాత హోల్‌స్టెన్స్‌లో టోనీ కూర్చున్న చోట గడియారం పెట్టి చూస్తే, బాత్రూం తలుపు సరిగ్గా మూడు గంటల దిక్కున ఉందని కనిపెట్టారు మనవాళ్లు. ఆ బాత్రూంలోకే 'మెంబర్స్ ఓన్లీ' అనే బ్రాండు జాకెట్ వేసుకున్న అనుమానాస్పద వ్యక్తి వెళ్లాడు. అంటే నరకంలో ఒక చచ్చినవాడికి, ఏడేళ్ల ముందే, న్యూజెర్సీలో ఒక రెస్టారెంట్ బాత్రూం ఏ దిక్కున ఉందో తెలుసు. చేజ్‌కి మాత్రం తెలిసి ఉండదు. ఉంటే ఈపాటికి ఏదో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకునేవాడు.

ఆ జాకెట్ మనిషి గురించి విడిగా చెప్పుకోవాలి. టైటిల్స్‌లో అతనికి పేరు లేదు, 'మెంబర్స్ ఓన్లీ జాకెట్ వేసుకున్న మనిషి' అని మాత్రమే ఉంది. పేరు లేకపోవడం మన శాస్త్రంలో భరించరాని విషయం. ఎపిసోడ్ అయిన కొద్దిరోజుల్లోనే ఒక ఈమెయిల్ ఊరూరా తిరిగింది: అతను ఫిల్ బంధువు నిక్కీ లియోటార్డో, ఇంతకుముందు ఒక పంచాయితీలో కనిపించాడు, కౌంటర్ దగ్గరున్న లారీ డ్రైవర్ ఫలానా వాడి తమ్ముడు, లోపలికొచ్చిన ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు మొదటి సీజన్‌లో టోనీని చంపబోయినవాళ్లే, అక్కడున్న స్కౌట్ పిల్లలు, బాబీ హత్య జరిగిన రైలు బొమ్మల కొట్లో ఉన్న పిల్లలే. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. మొత్తం కట్టుకథ. నిక్కీ లియోటార్డో అనేవాడే లేడు. ఆ జాకెట్ వేసుకుని నటించినాయన నిజజీవితంలో ఒక పిజ్జా కొట్టు యజమాని. పిజ్జా కొట్టాయన ఆకలేసి రెస్టారెంట్‌కి వచ్చి, మధ్యలో బాత్రూంకి వెళ్లి ఉండవచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. అలా అడిగేవాళ్లతో మన శాస్త్రం ముందుకు సాగదు.

కూతురు మెడో సంగతీ అంతే. బయట రోడ్డు పక్కన కారు పార్క్ చేయలేక ముందుకూ వెనక్కీ అవస్థ పడుతుంటుంది. మొదటిసారే కారు పట్టేసి ఉంటే వచ్చి తండ్రి పక్కన కూర్చునేది, బాత్రూంకీ టోనీకీ మధ్య అడ్డుగా ఉండేది అని ఒక గొప్ప పాఠం ఉంది. ఆ లెక్కన ఒక మాఫియా సామ్రాజ్యం కూలిపోవడానికి కారణం డ్రైవింగ్ స్కూలు. దీన్ని వేళాకోళంగా అనడం లేదు. ఇంత నిర్దిష్టమైన కారణం రోమన్ సామ్రాజ్య పతనానికి కూడా ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు డేవిడ్ చేజ్ దగ్గరికి వద్దాం. ఆఖరి ఎపిసోడ్ ప్రసారమయ్యేనాటికి ఆయన ఫ్రాన్స్‌లో ఉన్నాడు. న్యూజెర్సీ పత్రికవాళ్లు ఫోన్ చేస్తే, వివరించే ఉద్దేశం తనకు లేదని, అంతా అక్కడే ఉందని చెప్పాడు. తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి అన్నమాట. ఇది సృష్టికర్త నుంచి మేం కోరుకునే ఆదర్శప్రాయమైన ప్రవర్తన. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

ఆగలేదు. 2014లో ఒక వ్యాసకర్త టోనీ చచ్చాడా అని అడిగితే 'లేదు' అన్నాడని అచ్చయింది. జీవవాదులు పండగ చేసుకునేలోపే, ఆ మాటను సందర్భం లేకుండా వాడుకున్నారని, చచ్చాడా బతికాడా అన్నది అసలు ప్రశ్నే కాదని ఆయన తరఫున ప్రకటన వచ్చింది. 2015లో దర్శకుల సంఘం పత్రికకు ఆ సీన్‌ని షాట్ షాట్‌గా విప్పి చెప్పాడు, అసలు ముడి మాత్రం విప్పలేదు. 2019లో వచ్చిన ఇంటర్వ్యూల పుస్తకంలో మాటల మధ్య 'ఆ చావు సీన్' అని నోరు జారాడు. ఎదుటివాళ్లు ఆ సంగతి గుర్తు చేస్తే కాసేపు మౌనంగా ఉండి, వాళ్లను ఒక బూతు తిట్టాడు. 2021లో ఇంకో అడుగు వేశాడు: సిరీస్ అయిపోవడానికి రెండేళ్ల ముందు కాలిఫోర్నియాలో కారులో వెళ్తూ దారి పక్కన చిన్న రెస్టారెంట్ చూసి, టోనీకి ఇలాంటి చోటే రాసిపెట్టి ఉండాలి అనుకున్నాడట.

ఒకే కేసులో ఇన్ని వాంగ్మూలాలు. ఇలాంటి సాక్షిని అడ్డం తిరిగిన సాక్షి అంటారు. పైగా ఆయన సంఘటన స్థలంలో ఉన్న మనిషి, కెమెరా పెట్టించిన మనిషి, చీకటి చేసిన మనిషి. ముద్దాయికి ఇంత దగ్గరివాడి సాక్ష్యాన్ని ఏ కోర్టూ నమ్మదు. 2021 ఇంటర్వ్యూ రాగానే మరణవాదుల్లో సంబరం కనబడాలి కదా? కనబడింది నీరసం. ఇరవై వేల మాటల్లో నిరూపించినదాన్ని ఒకాయన మధ్యలో వచ్చి 'అవును' అనేస్తే, ఆ ఇరవై వేల మాటలు ఎక్కడ పెట్టుకోవాలి? జీవవాదులు మాత్రం చెక్కుచెదరలేదు. రచయిత ఉద్దేశం వేరు, రచన వేరు అన్నారు. 2014లో రచయిత 'లేదు' అన్నప్పుడు ఈ సూత్రం వాళ్లకు గుర్తు రాలేదు. గుర్తు రావడానికి దేనికైనా సమయం పడుతుంది.

ఆ చీకటి నిడివి విషయంలోనూ చేజ్ మనల్ని నిరాశపరిచాడు. అసలు తను పేర్లే వేయొద్దనుకున్నాడట. హెచ్‌బీఓ చప్పుడు వచ్చేదాకా పూర్తి నలుపు, అంతే. దర్శకుల సంఘం కుదరదంది, పేర్లు పడాల్సిందే అంది. అంటే మనం ఇన్నేళ్లుగా ధ్యానిస్తున్న శూన్యం ఎక్కడ ఆగాలో తేల్చింది యూనియన్ రూలు. ఆ 'పది' అంకెకు గూఢార్థం వెతుకుతున్నవాళ్లెవరైనా ఉంటే దయచేసి ఈ పేరా దాటేయండి.

నిజానికి ఈ ఆరాటం కొత్తది కాదు. 2001లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో క్రిస్టఫర్, పాలీ ఒక రష్యన్‌ని మంచు అడవిలోకి తీసుకెళ్తారు. తలకు తూటా తగిలాక కూడా అతను చెట్ల మధ్యకు పారిపోయి మాయమవుతాడు. మళ్లీ కనబడడు. రష్యన్ ఏమయ్యాడని జనం ఏళ్ల తరబడి వేధించారు, చేజ్ ఏళ్ల తరబడి విసుక్కున్నాడు. కర్ర విరగకుండా, పాము చావకుండా కథ నడిపేవాడికి కర్రనీ పామునీ లెక్కపెట్టే ప్రేక్షకులే దొరుకుతారు.

ఒక్క విషయం మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. అదే ఆఖరి ఎపిసోడ్‌లో, పెట్రోల్ బంకు దగ్గర, కారులో ఉన్న పసిమనవలకి టాటా చెబుతుండగా ఫిల్ లియోటార్డో తలకు తూటా తగిలింది. భార్య కేకలు పెడుతూ కారులోంచి దిగింది. పిల్లలు లోపల ఉండగానే బండి కదిలి, చక్రం అతని తల మీదుగా వెళ్లింది. దాని మీద ఒక్క థియరీ లేదు. ఆ భార్య ఏమైందో, ఆ పిల్లలు ఏమయ్యారో అడిగినవాడు లేడు. క్రిస్టఫర్ ప్రియురాలు ఆడ్రియానా చనిపోయిన తీరు మీద కూడా జనం కొన్నాళ్లు వాదించుకుని ఆపేశారు. స్పష్టంగా చచ్చినవాళ్ల మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. అన్నేళ్లు మనుషుల్ని చంపించిన టోనీకి మాత్రం చట్టం కూడా ఇవ్వనంత గొప్ప అనుమానపు లబ్ధి మనం ఇచ్చాం. చేజ్‌కి కడుపుమంట ఇక్కడేనట: ఇన్నాళ్లూ వాడి వెనక ఈలలు వేసినవాళ్లే చివర్లో వాడి మెదడు గోడ మీద చూడాలని అడిగారని. ఇదొక్క మాట మాత్రం ఆయన సాక్ష్యంలోంచి తీసుకుని ఫైలులో పెట్టుకోవచ్చు. మిగతాది కొట్టేద్దాం.

చివరగా ఒక అత్యవసర విషయం. 2024 మార్చిలో హోల్‌స్టెన్స్ వాళ్లు పాత సీట్లు మార్చుకుంటూ, టోనీ కుటుంబం కూర్చున్న ఆ బల్లనీ సీట్లనీ ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. 82,600 డాలర్లకు ఎవరో కొనుక్కుపోయారు. ప్రధాన సాక్ష్యాధారాన్ని కేసు నడుస్తుండగానే అమ్మేశారన్నమాట. ఇప్పుడక్కడ అచ్చం పాతదానిలాంటి కొత్త సీటుంది. అచ్చం అంటే ఎంత? వీపు ఆనుకునే పలక రెండంగుళాలు అటో ఇటో జరిగినా, మూడు గంటల దిక్కు మూడుంపావు అయిపోతుంది. అటువైపు వెళ్లే భక్తులెవరైనా ఉంటే టేపు పట్టుకెళ్లండి. కొలత బాత్రూం తలుపు దగ్గర మొదలుపెట్టాలి, కౌంటర్ దగ్గర కాదు.