బెల్ట్ మార్చడానికి ఒక పూట చాలదు

సెలవులకు తిరుపతి వెళ్లే మనవాళ్లందరిదీ ఒకటే హడావిడి. అమ్మానాన్నల దగ్గర వదిలిన కారు ఏడాదంతా షెడ్డులోనే ఉంటుంది. మనం దిగిన మర్నాడే అది తిరుమల ఘాట్ ఎక్కాలి, ఆ తర్వాత కాణిపాకం. మధ్యలో మెకానిక్‌కి దొరికేది ఒక పూట. ఆ పూటలో టైమింగ్ బెల్ట్ (పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకునేలా చూసే పళ్ల బెల్ట్) మార్చెయ్యమనడం నాకు నచ్చదు.

"తిరిగిందే తక్కువ, ఇప్పుడెందుకు" అని వాయిదా వెయ్యడం అంతకంటే నచ్చదు. బెల్ట్ రబ్బరుది, బండి కదలకపోయినా దానికి వయసు మీద పడుతుంది. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటే, ఏది ముందొస్తే అదే లెక్క. (బెల్ట్ బదులు చైన్ ఉన్న ఇంజిన్‌కి ఈ గొడవ లేదు. మీది ఏదో ముందు కనుక్కోండి.)

అసలు పనంతా మార్కుల దగ్గరే. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఒకటో సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు, చాలా ఇంజిన్లలో, ఈ రెండింటి పుల్లీల మీది గీతలూ ఇంజిన్ మీది గుర్తులకు సరిగ్గా ఎదురు రావాలి. ఒక పన్ను తప్పినా బండి స్టార్ట్ కావచ్చు, కానీ లాగదు. ఇంకా తప్పితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి.

పాత బెల్ట్ మీద వైట్‌నర్ చుక్కలు పెట్టి, పళ్లు లెక్కపెట్టి కొత్తదాని మీదికి దించుకునే మెకానిక్‌లున్నారు. తప్పనను. కానీ అంతకుముందు బిగించినవాడు పొరపాటు చేసి ఉంటే అదీ కొత్త బెల్ట్‌కి ఎక్కుతుంది. కంపెనీ గుర్తునే నమ్మాలి.

మేం బండి ఇచ్చే తిరుపతి మెకానిక్ టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచేది) బిగించాక తాళంచెవి ముట్టనివ్వడు. క్రాంక్ బోల్ట్‌కి స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే దిక్కుకే చేత్తో రెండు చుట్లు తిప్పి, టార్చి వేసి మళ్లీ చూస్తాడు. ఒకసారి క్యామ్ గీత పన్ను పక్కన తేలింది. మొత్తం విప్పాడు. దర్శనం టైమ్ అయిపోతోందని మా బావ గొణిగితే, "స్వామి యాడికీ పోడు సార్, ఉండండి" అన్నాడు.

టికెట్ బుక్ చేసిన వారమే ఇంటికి ఫోన్ చేసి ఈ పని చెప్పండి. టెన్షనర్ కూడా మార్పించండి. వాటర్ పంప్ అదే బెల్ట్ మీద తిరిగేదైతే దాన్నీ వదలొద్దు, మళ్లీ విప్పితే కూలి రెండింతలు. చేత్తో తిప్పాక మార్కుల ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి.