డీఫాల్ట్ గీతగారికి బెజవాడ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ డీఫాల్ట్ గీతగారి సముఖానికి, కృష్ణ ఒడ్డున పటాలు గీసుకుని బతికే ఒకడు సవినయంగా రాసుకొంటున్న విన్నపం.

కంప్యూటర్లో పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ రోడ్ల లేయరు (పటంలో ఒక పొర) తెరిచినా, మేము నోరు విప్పేలోపే తమరు 0.26 మిల్లీమీటర్ల మందంతో, ఆ క్షణాన తోచిన ఏదో ఒక రంగులో తెర నిండా ప్రత్యక్షమవుతారు. చెన్నైని కోల్‌కతాతో కలిపే 16వ నంబరు జాతీయ రహదారి అయినా, వన్‌టౌన్‌లో కొండ మీది ఇళ్లకు ఎక్కే సందు అయినా తమరికి ఒక్కటే. సమసమాజం కోసం ఈ ఊళ్లో జెండాలు మోసినవాళ్లకు కొదవ లేదు గానీ, మౌస్ ఒక్కసారి నొక్కినంత మాత్రాన దాన్ని సాధించి చూపినవారు తమరొక్కరే.

తమరి ఘనకార్యాల్లో రోడ్ల విస్తరణను ముందుగా చెప్పుకోవాలి. 1:50,000 స్కేలులో అచ్చయిన పటం మీద 0.26 మిల్లీమీటర్లంటే నేల మీద 13 మీటర్లు. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోక తప్పని సందుకు, ఒక్క అరుగు కొట్టకుండా, ఎవరికీ నష్టపరిహారం చెల్లించకుండా, కోర్టు స్టే బెడద లేకుండా తమరు 13 మీటర్లు ప్రసాదించారు. స్కేలును 1:2,50,000కు మారిస్తే అదే సందు 65 మీటర్లకు పెరుగుతుంది. మందాన్ని నేల మీది మీటర్లలో ఇచ్చే వీలూ, ఫలానా స్కేలు దాటాక చిన్న వీధులను దాచేసే వీలూ అదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అయినా వాటిని వాడితే తమరి ఔదార్యాన్ని శంకించినట్టవుతుందని కాబోలు, చాలామంది ఆ జోలికి పోరు.

ఇక రంగుల సంగతి. ఒక కార్యాలయం గోడకు వేలాడుతున్న నగర పటంలో కాలువలు ఎర్రగానూ రోడ్లు నీలంగానూ ఉన్నాయి. అడుగున గుండ్రటి ముద్ర ఉంది, సంతకం ఉంది, ఏ గీత ఏమిటో చెప్పే సూచిక మాత్రం లేదు. బందరు పేరు పెట్టుకొన్న రోడ్డొకటీ కాలువొకటీ ఉన్న ఊరిది. ఆ పటాన్ని నమ్మినవాడు బందరు బస్సు కోసం కాలువగట్టున నిలబడితే తప్పు అతనిదని ఎలా అనగలం? 2004లో బ్రిటన్‌లో మొదలైన, అందరూ కలిసి గీసుకొనే ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా అక్కడి ఆనవాయితీ ప్రకారం చాలాకాలం మోటార్‌వేలను నీలంలో, ట్రంకు రోడ్లను ఆకుపచ్చలో గీసింది. నీలం నీళ్లలోనూ, పచ్చ అడవుల్లోనూ కలిసిపోతున్నాయన్న ఫిర్యాదుల మీదట 2015లో ఎరుపు నుంచి నారింజ, పసుపు మీదుగా తెలుపుకు దిగే వరసకు మారింది. వాళ్లు ఒకసారి మారడానికి ఎంతో చర్చ జరిగింది. తమరు లేయరు తెరిచిన ప్రతిసారీ మారతారు, ఏ చర్చా లేకుండా.

తమరిని కాదని రోడ్లను వర్గాలుగా విడదీసి గీయబోయినవాడి పాట్లు కూడా విన్నవించాలి, ఎందుకంటే తమరి సింహాసనం ఇంతకాలం కదలకపోవడానికి కారణం అవే. రోడ్డు రోడ్డులా కనిపించాలంటే అడుగున వెడల్పైన ముదురు గీత, దాని మీద కాస్త సన్నటి లేతరంగు గీత వేయాలి. రెండు పక్కలా మిగిలే ముదురు అంచును కేసింగ్ అంటారు. అలా గీసి బెంజ్ సర్కిల్ దగ్గర చూస్తే, ఒక్కో ముక్కా తన అంచును తానే వేసుకోవడం వల్ల బందరు రోడ్డు అంచు జాతీయ రహదారికి అడ్డంగా రైల్వే గేటులా పడి ఉంటుంది. సింబల్ లెవెల్స్ అనే ఏర్పాటును పనిలో పెడితే ముందు ముదురు గీతలన్నీ, ఆ తరవాతే లేతగీతలన్నీ పడతాయి కాబట్టి కూడలి తెరుచుకొంటుంది. అయితే అంతవరకూ పైన ఉన్న ఫ్లైఓవరు కూడా నేల మీదికి దిగి బందరు రోడ్డులో కలిసిపోతుంది! అప్పుడు వంతెనలన్నిటినీ ట్యాగు (ఒక్కో గీత ఏమిటో చెప్పే చీటీ) చూసి ఏరి, వేరే నియమం కింద పెట్టి, వాటి అంచునూ పైపూతనూ మిగతా రోడ్లన్నిటికంటే పై అంతస్తులో వేయాలి. ఇంతా చేశాక గీతల కొసలు గుర్తొస్తాయి. తమరి కొసలు చతురస్రాకారం, తమరి మలుపులు మూల చెక్కేసిన ఆకారం. జుట్టంత సన్నగా ఉన్నంతసేపు ఎవరికీ తెలియదు గానీ, మందం పెంచగానే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎవరో ఉలితో కొట్టినట్టు బయటపడతాయి.

ఇంత కష్టపడినా మా వర్గీకరణకు బీసెంట్ రోడ్డు లొంగదన్నది తమరి తరఫున నేనే చెబుతున్నాను. పండుగ ముందు సాయంత్రం అక్కడ బట్టల బేరాలకూ తోపుడుబండ్లకూ పోను మిగిలిన దారిని ఏ వర్గంలో వేయాలో, ఎంత మందంతో గీయాలో తేల్చే నియమాన్ని నేనింకా ఎక్కడా చూడలేదు.

ఏమైనా, ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో లేయర్లకు తోచిన రంగు కేటాయించే గడి మీది టిక్కును తీసేసి, తమరి స్థానంలో బూడిదరంగు గీతనొకదాన్ని నియమించానని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఈ ఉత్తర్వు ఈ ఒక్క ప్రాజెక్టుకే వర్తిస్తుంది. పైన చెప్పిన కార్యాలయంలో తమరి పదవికి ఇప్పట్లో ఢోకా లేదు. అక్కడ పటానికి కొత్తగా అద్దం కూడా బిగించారు.

ఇట్లు,
తమరి విధేయుడు