డ్రైవర్ తొక్కేశాడండీ!

మన ఆటోనగర్లలో వర్ధిల్లుతున్న ఒక మహాశాస్త్రానికి ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమూ పీఠం పెట్టకపోవడం చాలా అన్యాయం. లారీ ఇంజిన్‌కి పూర్తి పని చేయించాక, నెల తిరక్కుండానే పిస్టన్ సిలిండర్‌లో కదలకుండా పట్టేసిందనుకోండి. కారణం చెప్పడానికి ఈ శాస్త్రానికి ఇంజిన్ పైమూత హెడ్డు విప్పక్కర్లేదు, అడుగున ఆయిల్ ఉండే సంపు దించక్కర్లేదు. ఫోన్లోనే తేలిపోతుంది. "డ్రైవర్ తొక్కేశాడండీ."

నాది ఒక్కటే లారీ. పది టైర్లు, ఆరు సిలిండర్లు. పిస్టన్లు ఆడే గొట్టాలు అంటే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్డు ఫేసింగు, డీజిల్ పంపు కాలిబ్రేషను అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు వదిలాయి. పంతొమ్మిదో రోజున చీమకుర్తిలో గ్రానైట్ ఎక్కించుకుని కృష్ణపట్నం పోర్టుకు పోతుంటే, కావలి దగ్గర బండి ఈడ్వడం తగ్గి, ఇంజిన్ ఊపిరి గొట్టం బ్రీదర్‌లోంచి గుప్పుగుప్పున పొగ వచ్చింది. డ్రైవర్ బాబాయ్ వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు. నేను మేస్త్రీకి ఫోన్ చేసి "మేస్త్రీ, బండి ఆగిపోయింది" అన్నానో లేదో, తీర్పు వచ్చేసింది. ఏమైందో బండి పక్కన నిలబడ్డవాడికే తెలీదు. నూటయాభై కిలోమీటర్ల అవతల ఇడ్లీ తింటున్నాయనకు తెలిసిపోయింది.

హెడ్డు దింపిన రోజు జరిగిన విచారణ గురించి చెప్పాలి. నాలుగో పిస్టన్‌ని గోనెసంచి మీద పడుకోబెట్టారు. పిన్ను బెజ్జానికి అటూ ఇటూ ఒళ్ళంతా గీరుకుపోయి ఉంది, రింగులు గాడుల్లో బిగుసుకుపోయాయి. చుట్టూ పెద్దమనుషులు కూర్చున్నారు. లేత్ ఆయన లైనర్‌లో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, "బోరు అద్దంలా ఉంది, మా తప్పేం లేదు" అన్నాడు. స్పేర్ పార్టుల షాపాయన పిస్టన్ వైపు చూడనేలేదు, ఖాళీ డబ్బా తెచ్చి దాని మీది హోలోగ్రామ్ స్టిక్కర్ చూపించాడు. స్టిక్కర్ నిజంగానే చెక్కుచెదరలేదు. పంపు మేస్త్రీ మాత్రం కాస్త దయగలవాడు. డీజిల్ కల్తీ కూడా అయ్యుండొచ్చని డ్రైవర్‌కి సగం బెయిల్ ఇచ్చాడు. ఇంకెవరో దిష్టి అన్నారు, నిమ్మకాయలు కొత్తవి కట్టలేదట.

నాకొక చిన్న అనుమానం వచ్చింది. "మిగతా అయిదూ మెరిసిపోతున్నాయి కదా మేస్త్రీ? డ్రైవర్ తొక్కితే నాలుగోది ఒక్కటే ఎందుకు పోయింది?"

"అది మధ్యలో ఉంటుందండీ. బలమంతా దాని మీదే పడుద్ది."

"మూడోదీ మధ్యలోనే ఉంటుంది కదా?"

"దానికి ఫ్యాను గాలి తగులుద్దండీ."

అందరూ తలలూపారు. అంటే మా బాబాయ్ కుడికాలికి, ఆ నాలుగో సిలిండర్‌కి పాత కక్షలేవో ఉన్నాయి. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టినప్పుడల్లా మిగతా అయిదింటినీ వదిలేసి, గురి చూసి దాన్నే తొక్కాడు.

షెడ్డు గోడకి దేవుడి పటం పక్కనే, బోల్టు బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఒకటి వేలాడుతోంది. దసరాకి పెట్టిన పసుపు కుంకుమ చెక్కుచెదరకుండా ఉంది. హెడ్డు బోల్టులు దేంతో బిగించారని అడిగితే మేస్త్రీ తన మోచెయ్యి చూపించాడు. లైనర్ బ్లాకు పైకి ఎంత లేచి ఉందో సన్నటి తేడాలు కొలిచే డయల్ గేజీ పెట్టి చూశారా అంటే, గోరు చూపించాడు. గొప్ప చెయ్యి అది. దాన్ని తిరిగి సున్నాకి ఎలా తెస్తారో మాత్రం చెప్పలేదు.

ఆర్టీసీ వర్క్‌షాపులో రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి పిస్టన్ పట్టుకుపోయాను. ఆయన "ఎవరు తొక్కారు" అని అడగలేదు. "ఎన్నో నంబరు?" అన్నాడు. తర్వాత పిస్టన్ నెత్తి చూశాడు. నిజంగా హద్దు దాటి తిప్పితే, దిగుడులో గేరు తప్పి ఇంజిన్ అరిస్తే, వాల్వులు పిస్టన్ నెత్తికి తగిలి చంద్రవంకల్లా గుర్తులు పడతాయి, వాల్వుల్ని నెట్టే పుష్ రాడ్లు వంగుతాయి. ఇక్కడ గుర్తులూ లేవు, వంపులూ లేవు. డీజిల్ చిమ్మే నాజిల్ కారుతుంటే నెత్తి మీద ఒకచోట తినేసినట్టు కరుగుతుంది. అదీ లేదు. లైనర్ లోపల రాయితో రుద్దినప్పుడు రాలే హోనింగ్ పొడి కడక్కుండా బిగించి ఉంటే ఆరింటికీ బూడిదరంగు నిలువు గీతలు పడాలి, ఒక్కదానికే కాదు. పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటే అరుగుదల ఐమూలగా ఉంటుంది. చివరికి ఆయన పిస్టన్‌ని బోర్లించాడు. షెడ్డులో అంతమంది ఉండీ ఒక్కడూ చెయ్యని పని అదే. అడుగున ఆయిల్ మాడి, మూకుడు అడుగులా నల్లగా గట్టిపడి ఉంది.

"బ్లాకులో దీని కింద ఆయిల్ జెట్ ఉంటుంది, చూడు" అన్నాడు.

వచ్చి టార్చి వేసి చూశాను. నాలుగోది పక్కకి వంగి ఉంది. పైనుంచి పిస్టన్ దించేటప్పుడు రాడ్డు తగిలితే అలా వంగుతుంది. పిస్టన్ అడుగుకి కొట్టాల్సిన ఆయిల్ గోడకి కొడుతుంది. అల్యూమినియం పోత ఇనుముకి దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. మధ్యలో ఉండే సందేమో మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ. చల్లబరిచే ఆయిల్ లేకపోతే లోడు మీద ఆ సందు ఎంతసేపు ఉంటుంది?

ఇదంతా తెలిసేసరికి నేను బాబాయ్ జీతంలో పదివేలు కోసేసి ఉన్నాను.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఇరవై ఆరేళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి. ఆ రోజు వెంటనే ఆపకపోతే రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చేది. నా లారీని కాపాడినవాడికి నేను జరిమానా వేశాను. షెడ్డులో అతని మీద తీర్పు చెబుతుంటే బయట లారీ నీడలో కూర్చుని అన్నీ విన్నాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. నేనూ పిలవలేదు. సందులు కొలిచే ఫీలర్ గేజీ ముట్టనివాడు, రెంచ్‌కి బొట్టు పెట్టి గోడకి తగిలించినవాడు, తన చేతి తప్పుని నోరెత్తలేనివాడి కాలి మీదికి తోసేస్తే, డబ్బు పెట్టినవాళ్లం మనం తలూపుతాం. ఎందుకంటే మేస్త్రీతో మళ్లీ పని ఉంటుంది, డ్రైవర్లు దొరుకుతారు! సిగ్గులేని లెక్క అది. డబ్బు తిరిగిచ్చాను. ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, "డీజిల్ కొట్టించాలి బాబూ" అన్నాడు.

మేస్త్రీని తీసుకొచ్చి వంగిన జెట్ చూపించాను. టార్చి వెలుగులో చాలాసేపు చూశాడు. మారుస్తాడనుకున్నాను. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని అటో నొక్కు, ఇటో నొక్కు నొక్కి, ఒక కన్ను మూసి తిన్నగా ఉందో లేదో చూసుకున్నాడు.

"అయిపోయిందండీ. ఈసారైనా మీ డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి, తొక్కొద్దని."