మౌనం పూర్ణాంగీకారం

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరిన మొదటి వారమే మూడు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. తలనొప్పి వస్తే స్కూల్ నర్సు మాత్ర ఇవ్వడానికి ఒకదాని మీద నా సంతకం. క్లాసంతా బస్సెక్కి మ్యూజియంకి వెళ్ళడానికి ఇంకోదాని మీద సంతకం. సైన్స్ ల్యాబులో రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుంటానని తను ఒప్పుకున్నట్టు తన సంతకం, తను ఒప్పుకోవడానికి నేను ఒప్పుకున్నట్టు దాని కింద నాది. అమెరికాలో హైస్కూల్ పిల్లకి తండ్రిగా ఉండటమంటే జేబులో పెన్ను పెట్టుకుని తిరగడమేనని ఆ రోజు తెలిసింది.

నాలుగో కాగితం కోసం చూశాను. రాలేదు. గ్రాడ్యుయేట్ కావాలంటే తప్పనిసరిగా పాసవ్వాల్సిన కెరీర్ ప్లానింగ్ కోర్సు ఒకటుంది. అది మొదటి నుంచి చివరిదాకా ఒక యాప్‌లోనే నడుస్తుంది. పిల్ల పేరు, పుట్టిన తేదీ, పాత మార్కులు అప్పటికే ఆ యాప్‌లోకి వెళ్ళిపోయాయి. ఎవరూ నా పెన్ను అడగలేదు. ఒక తలనొప్పి మాత్రకి ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్ళు, ఇది అంతకన్నా చిన్న విషయం కాబట్టే అడగలేదని నా మనసుకి సర్దిచెప్పుకున్నాను.

మొదటి హోంవర్క్ 'నన్ను నేను తెలుసుకోవడం'. భోజనాల బల్ల దగ్గర కూర్చుని నింపుతోంది. గుంపులో ఉండటం ఇష్టమా, ఒంటరిగానా? ఇంట్లో ఎవరైనా కాలేజీకి వెళ్ళారా? టెన్షన్ వస్తే ఎవరితో చెప్పుకుంటావు? 'ఇంట్లోవాళ్ళ మీద చిరాకు వస్తుందా?' అన్న ప్రశ్న దగ్గర ఆగి, తలెత్తి నా వైపొకసారి చూసి, 'తరచుగా' అన్నదాని మీద నొక్కింది. నేను చూడనట్టు మంచినీళ్ళు తాగాను. ఆ జవాబు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఏ సర్వర్‌లో ఉందో తెలీదు కానీ, అక్కడ నేను స్థిరనివాసం ఏర్పరచుకున్నానన్నది మాత్రం ఖాయం.

ఇది చూసి కొందరు తల్లిదండ్రులు గగ్గోలు పెడుతున్నారు. వాళ్ళకి చట్టం తెలీదు. అందుకే ఈ వ్యవస్థ తరఫున నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా అనే అమెరికా చట్టం మనకి గొప్ప హక్కులిచ్చింది. మన పిల్ల రికార్డులు చూపించమని స్కూల్‌ని అడగొచ్చు. అడిగాక 45 రోజుల్లోపు చూపించాలి. తొందరపడి చూస్తే తట్టుకోలేమని కాబోలు అంత గడువు పెట్టారు. యాప్ కంపెనీవాళ్ళకి ఈ గడువు వర్తించదు, ఎందుకంటే వాళ్ళు అడగనక్కర్లేదు. స్కూల్ చేయాల్సిన పని వాళ్ళు చేస్తూ, స్కూల్ అదుపులో ఉన్నంతవరకు వాళ్ళని 'స్కూల్ అఫీషియల్' కింద లెక్కేసి, తల్లిదండ్రుల అనుమతి లేకుండానే రికార్డులు ఇచ్చే వెసులుబాటు అదే ఫెర్పాలో ఉంది. అంటే ఎక్కడో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, మా లెక్కల టీచర్ గారు, పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నట్టే. పేరెంట్స్ మీటింగుకి మాత్రం టీచర్ గారొక్కరే వస్తారు.

'మౌనం అర్ధాంగీకారం' అన్నారు మన పెద్దలు. అక్కడే వాళ్ళ వెనకబాటుతనం బయటపడింది. నోరు మెదపని మనిషి దగ్గర సగం ఒప్పుకోలు మాత్రమే తీసుకుని, మిగతా సగం ఆయనకే వదిలేశారు. ఇక్కడ అంత మొహమాటం లేదు. పిల్ల పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఆటల జట్టులో ఉంటే ఎత్తూ బరువూ, వీటన్నిటినీ 'డైరెక్టరీ సమాచారం' అనవచ్చు. ఏటా ఒక నోటీసు ఇస్తారు. గడువులోగా మనం వద్దని చెప్పకపోతే బయటివాళ్ళకి ఇచ్చుకోవచ్చు. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా బరువు అడగడానికి రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు.

వద్దని చెప్పొచ్చు కదా అంటారా? చెప్పొచ్చు. చాలా చోట్ల అది అన్నిటికీ కలిపి ఒకే 'వద్దు'. చిరునామా ఇవ్వొద్దంటే ఇయర్‌బుక్‌లో, అంటే స్కూల్ ఏటా వేసే ఫోటోల పుస్తకంలో, ఫోటో కూడా ఉండదు. పదహారేళ్ళ పిల్లని కూర్చోబెట్టి, నీ స్నేహితులందరి ముఖాల మధ్య నీ ముఖం లేకపోవడమే నీ హక్కు తల్లీ అని ఏ తండ్రి చెప్తాడో చెప్పమనండి.

సైన్యం సంగతి వేరే. ఏ పిల్లనీ వెనక వదిలెయ్యకూడదని పేరులోనే చెప్పుకున్న 2001 నాటి చట్టం, హైస్కూల్ పిల్లల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు అడిగితే సైనిక రిక్రూటర్లకి ఇవ్వాలంది. ఇవ్వొద్దని మనం రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఎవరినీ వెనక వదలరు.

ఇక వయసు. పిల్లల ఆన్‌లైన్ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని చెప్పే కోప్పా చట్టం 13 ఏళ్ళ లోపు వాళ్ళకే. హైస్కూల్‌కొచ్చేసరికి అందరూ ఆ గీత దాటేసి ఉంటారు. గదిలో ఫ్యాన్ ఆపడం గుర్తుండని మా పిల్ల, ఎంతకీ తరగని షరతుల పేజీని ఒక్క వేలితో కిందికి తోసేసి 'అంగీకరిస్తున్నాను' అని ఎంత ధీమాగా నొక్కిందో చూడాల్సింది. అందులో ఏముందే అని అడిగాను. "ఎవ్వరూ చదవరు నాన్నా" అంది. రాసిన లాయర్లు కూడా బహుశా అదే అనుకుని ఉంటారు.

అయినా నాలో చదువుకున్నవాడు ఊరుకోలేదు. రాజకీయాభిప్రాయాలు, మానసిక సమస్యలు, మత విశ్వాసాలు, ఇంటి ఆదాయం, కుటుంబసభ్యుల మీద విమర్శ, ఇలాంటి ఎనిమిది విషయాల మీద సర్వేలో పిల్లల్ని అడగాలంటే తల్లిదండ్రులకి చెప్పాలని, కేంద్ర విద్యాశాఖ నిధులతో జరిగే తప్పనిసరి సర్వే అయితే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలని ఇంకో చట్టం ఉంది. ఇంట్లోవాళ్ళ మీద చిరాకు ఆ ఎనిమిదిలోకి వస్తుందా అని ఎంతో మర్యాదగా స్కూల్‌కి రాశాను. ఇది సర్వే కాదు, పాఠం అని జవాబొచ్చింది. అయితే మా పిల్లకి కాగితం మీద ఇంకో పాఠం ఇవ్వండి అన్నాను. ప్రత్యామ్నాయం తప్పకుండా ఉందన్నారు: వేసవి సెలవుల్లో అదే కోర్సు చెయ్యొచ్చట. అదే యాప్‌లో.

ఏమవుతుంది మహా అయితే, అనేవాళ్ళ పక్షమే నాది. 2010లో కోర్టుకెక్కిన సంగతి: పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ స్కూళ్ళు పిల్లలకి ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చాయి. పోతే వెతకడానికని పెట్టిన సాఫ్ట్‌వేర్, పిల్లల గదుల్లోంచి ఫోటోలు తీసి పంపింది. ఫోటోలు, స్క్రీన్‌షాట్‌లు కలిపి 50 వేలకు పైనే. ఒక అబ్బాయిని పిలిచి, మాత్రలు మింగుతున్నావేమిటని ఫోటో చూపించారు. అవి మిఠాయి బిళ్ళలని ఆ కుటుంబం చెప్పింది. కేసు 6,10,000 డాలర్లకి రాజీ అయింది. అందులో 4,25,000 లాయర్లకి వెళ్ళింది. స్కూల్ నర్సు ఒక్క మాత్ర ఇవ్వడానికి సంతకం ఎందుకడుగుతారో నాకు ఇక్కడ బోధపడింది. మాత్రల విషయంలో వాళ్ళు నిజంగానే సీరియస్.

మొన్నటికి మొన్న, 2024 డిసెంబరులో, అమెరికా స్కూళ్ళలో ఎక్కువగా వాడే రికార్డుల సాఫ్ట్‌వేర్ పవర్‌స్కూల్‌లోకి దొంగిలించిన లాగిన్‌తో ఒకరు చొరబడ్డారు. కొన్ని కోట్ల మంది పిల్లల, టీచర్ల వివరాలు పోయాయి. కంపెనీ డబ్బు కట్టింది. డేటా మొత్తం చెరిపేశామని దొంగలు వీడియో చూపించారు, కంపెనీ ఆ మాట స్కూళ్ళకి చెప్పి ధైర్యమిచ్చింది. దొంగ ప్రమాణం చేశాక ఇంకా అనుమానించడం సంస్కారం కాదు. నాలుగైదు నెలలు తిరిగేసరికి అదే డేటా పట్టుకుని స్కూళ్ళనే డబ్బు అడగడం మొదలుపెట్టారు. నేరం ఒప్పుకున్న మనిషి మసాచుసెట్స్‌లో చదువుకుంటున్న 19 ఏళ్ళ కాలేజీ కుర్రాడు. విద్యార్థుల సమాచారం బయటివాళ్ళ చేతికి పోతోందని ఏడ్చేవాళ్ళు ఇది గమనించాలి. పోయింది విద్యార్థి చేతికే.

ఇంత జరిగినా ఫెర్పా మీద నమ్మకం సడలనివ్వకండి. దాన్ని ఉల్లంఘిస్తే స్కూల్‌కి కేంద్ర నిధులు ఆపేసే అధికారం ఉంది. 50 ఏళ్ళు దాటినా అలా ఒక్కసారీ ఆపలేదంటే అర్థం చేసుకోవాలి, ఎంత క్రమశిక్షణో! పోనీ మనమే కోర్టుకెళ్దామంటే, ఈ చట్టం కింద వ్యక్తులు దావా వెయ్యడం కుదరదని 2002లో సుప్రీంకోర్టు తేల్చేసింది. హక్కు మనదే. దాన్ని అమలు చేయించే శ్రమ మాత్రం మన మీద పెట్టలేదు.

ఆ 45 రోజుల హక్కునే వాడుకుందామని, యాప్ దగ్గర మా అమ్మాయి గురించి ఏముందో చూపించమని అడిగాను. తప్పకుండా అన్నారు. ముందు పేరెంట్ అకౌంట్ తెరవాలట. కూర్చున్నాను. నా పేరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది, ఫోన్ నంబరు అడిగింది, చదువెంతవరకు అని అడిగింది. చివర ఒక డబ్బా. 'నా వివరాలు భాగస్వాములతో పంచుకోవచ్చు' అన్న వాక్యం పక్కన టిక్ ముందే పెట్టి ఉంది. తీసేశాను. కింద 'తర్వాత' అన్న మీట బూడిద రంగులోకి మారిపోయింది. ఎంత నొక్కినా చలనం లేదు.

మా అమ్మాయి వెనక నుంచి తొంగి చూసింది. "అది అంతే నాన్నా. టిక్ పెట్టెయ్."

పెట్టాను. మీట పచ్చగా వెలిగింది.